గుమ్మం నుంచి లోపలికి

తైసియా పెట్టె మీద కూర్చుంది. ఆమె మొగుడు కేషా చెప్పులు పెట్టుకునే బల్ల మీద కూర్చున్నాడు. అత్తగారు సెరాఫిమా మాత్రం వంటింట్లోంచి స్టూలు తెచ్చుకుని, సరిగ్గా గుమ్మానికి ఎదురుగా వేసుకుని కూర్చుంది. ఎవరైనా ఊరికి బయల్దేరుతుంటే ఇంటిల్లిపాదీ ఇలా ఒక్క నిమిషం నోరు మెదపకుండా కూర్చోవాలి. కూర్చున్నారు. తైసియా కిరోవ్‌లో ఉన్న తల్లి గురించీ, ఎల్లుండి జరగబోయే ఆపరేషన్ గురించీ ఆలోచిస్తోంది. కేషా ఏమీ ఆలోచించడం లేదు, అతనికి ఆ అలవాటు తక్కువ. సెరాఫిమా కోడలి కాళ్లకేసి చూస్తోంది. ఇంకో నిమిషంలో ఆ కాళ్లు గడప దాటుతాయి. దాటిన కాళ్లు మళ్లీ లోపలికి రాకూడదు. ఆవిడ కోరిక అంతే.

"అత్తయ్యా, నేను కిరోవ్ చేరేదాకా ఇల్లు కడక్కండేం," అంది తైసియా లేచి కోటు బొత్తాలు పెట్టుకుంటూ.

"నాకింకేం పనుందమ్మా. బకెట్టు పట్టుకుని నీ వెనకాలే తిరగడమేగా నా బతుకు."

"పోయినేడాది కడిగారుగా. నేను రెండో అంతస్తు దిగకముందే గుడ్డ పిండిన చప్పుడు వినపడింది."

"వినపడితే ఏమైంది? పదకొండో రోజుకల్లా జామ్ సీసాతో సహా దిగావుగా."

"ఇక ఆపండమ్మా మీ ఇద్దరూ," అన్నాడు కేషా పెట్టె భుజానికెత్తుకుంటూ. "క్యూ పెరిగిపోతుంది. టికెట్టు దొరక్కపోతే సాయంత్రం అయిదింటి రైలు మనకోసం ఆగదు. అమ్మా, నేను స్టేషన్ నుంచి అటే రాత్రి షిఫ్టుకి పోతా. రేపు పొద్దున వస్తా."

"రా నాయనా, నువ్వు రా," అంది సెరాఫిమా. ఆ 'నువ్వు'ని ఆవిడ ఎలా నొక్కిందో తైసియాకి బాగానే అర్థమైంది. అయినా వంగి అత్తగారి చెంప మీద ముద్దుపెట్టి మరీ వెళ్లింది.

మనిషి ఊరెళితే, చేరేదాకా వెనక ఇల్లు ఊడవకూడదు, కడగకూడదు. కడిగితే అడుగులు చెరిగిపోతాయి, వెళ్లిన మనిషికి తిరిగి ఇంటిదారి దొరకదు. శవం లేచిన ఇంట్లోనే వెంటనే కడుగుతారు. కామా నది ఒడ్డున ఆ ఊళ్లో ఇది పాలు తాగే పిల్లలక్కూడా తెలుసు. కిరాణా కొట్టు దాకా వెళ్లిన మొగుడు తిరిగొచ్చేదాకా చీపురు ముట్టని ఇల్లాళ్లున్న ఊరది.

వాళ్లు ట్రాలీబస్సు ఎక్కేదాకా సెరాఫిమా కిటికీలోంచి చూసింది. బస్సు మలుపు తిరిగింది. ఆవిడ చేతులు కడుక్కుని, ముప్ఫై ఏళ్లు ఫర్నిచర్ ఫ్యాక్టరీలో వేసుకున్న పాత నీలం అంగీ తొడుక్కుని, తలకి గుడ్డ కట్టుకుంది. తన మంచం కింద నుంచి పాలక్యాను బయటికి లాగింది. అందులో ఉన్నది పాలు కాదు, వార్నిష్. ఫ్యాక్టరీలో ఇంకా పనిచేస్తున్న పాత స్నేహితుడొకడు నెలరోజుల పాటు కొంచెం కొంచెంగా తెచ్చిపెట్టాడు.

అసలు ఈ పగ ఎక్కడ పుట్టిందో చెప్పాలి. పద్దెనిమిదేళ్లు వరసలో నిలబడితే ఫ్యాక్టరీ వాళ్లు ఇచ్చిన ఇల్లది, మూడో అంతస్తులో. గుమ్మం లోపల ఇరుకు నడవ, పక్కన వంటిల్లు, ఎదురుగా పెద్ద గది, ఆ గదిలోంచి వెళితే సెరాఫిమా చిన్న గది. నేలంతా ఓక్ చెక్క పలకలు. ఆవిడ జీవితంలో ఆవిడకి నచ్చినట్టు దక్కింది ఆ నేల ఒక్కటే, మొగుడు కూడా అలా దక్కలేదు. మూడేళ్ల కింద కోడలొచ్చింది. పోయినేడాది ఫిబ్రవరిలో ఓ సాయంత్రం టీలోకి జామ్ చప్పరిస్తూ అంది: "మీ తర్వాత ఈ చెక్కంతా పీకించేసి లినోలియం షీటు పరిపిస్తాం అత్తయ్యా. తుడుచుకోడానికి హాయి." తైసియా మాటలో విషం లేదు, నోట్లో చెంచా ఉండగా అన్న మాట. కానీ 'మీ తర్వాత' అన్న ఆ రెండు ముక్కలూ సెరాఫిమా చెవిలో మేకుల్లా దిగాయి. ఆవిడ టీ పూర్తిగా తాగింది, కప్పు కడిగి బోర్లించింది. ఆ రోజు నుంచి కోడలు ఎప్పుడు ఊరెళుతుందా అని కళ్లలో వత్తులేసుకుని కూర్చుంది.

ఈ ఏడాది అక్టోబరులో పాత వార్నిష్ గీకే పని మొదలైంది. ఇక్కడ చెప్పడానికి నాకే నోరు రావడం లేదు, ఆ పనిలో సగం తైసియాయే చేసింది. మూడు ఆదివారాలు మోకాళ్ల కింద దిండు వేసుకుని, ఇనుప బిళ్లతో పలక పలకా గీకింది. ఉప్పుకాగితం పట్టి రుద్దింది. వేళ్లు బొబ్బలెక్కాయి. "కొత్త సంవత్సరానికి అద్దంలా చేద్దాం అత్తయ్యా," అంది. సెరాఫిమా ఆ బొబ్బలకి దగ్గరుండి మందు రాసింది. రాస్తూ, ఈ చేతులతోనే నీ అడుగులు చెరిపే నేల నువ్వే సిద్ధం చేస్తున్నావే అనుకుంది. ఆ తలపుకి ఆవిడకి నిజంగానే హాయి కలిగింది.

ఒక్క చిక్కు ఉండిపోయింది. పోయినేడాది కడిగినా ఎందుకు పనిచెయ్యలేదు? దానికి ఎదురింటి గ్లాఫిరా జవాబు చెప్పింది.

"నువ్వు లోపల్నించి గుమ్మం వైపు తుడిచావు కదూ వదినా?"

"అందరూ అలాగే తుడుస్తారు కదే."

"అదీ నీ పొరపాటు. అలా తుడిస్తే దాన్ని సాగనంపినట్టు. సాగనంపిన మనిషి తిరిగొస్తుంది మరి. గుమ్మం నుంచి లోపలికి తుడవాలి. అప్పుడు మొహం మీద తలుపేసినట్టు."

"నీకెవరు చెప్పారు?"

"మా రెండో కోడలు మళ్లీ కనపడిందా నీకు?" అంది గ్లాఫిరా.

ఫ్యాక్టరీలో మొదటి రోజు నేర్పే పాఠం ఏమిటంటే, వార్నిష్ దూరపు మూల నుంచి మొదలుపెట్టి వెనక్కి జరుగుతూ తలుపు దగ్గర ముగించాలి. ముప్ఫై ఏళ్లలో సెరాఫిమా ఎంతమందికి ఆ పాఠం చెప్పిందో లెక్కలేదు. గుమ్మం దగ్గర మొదలుపెట్టిన ఒక పిల్లని అందరి ముందూ గాడిద అని తిట్టింది కూడా. ఇప్పుడు అదే పని తనే చెయ్యబోతోంది. అయితే ఏం, ముందే అన్నీ చూసుకుంది. చివర తన చిన్న గదిలో తేలుతుంది. అక్కడ ఫ్లాస్కు నిండా టీ, అరరొట్టె, సాసేజి ముక్క, అవసరానికి మూత ఉన్న బకెట్టు పెట్టుకుంది. రేపు పొద్దున కొడుకొచ్చేసరికి నేల ఆరిపోతుంది. ఒక్క రాత్రి కూర్చోలేదా? యుద్ధంలో ఇంతకన్నా చాలా కూర్చుంది.

గడప దగ్గర మోకాళ్ల మీద వంగి మొదటి కుంచె పెట్టింది. కోడలి చివరి అడుగు పడిన చోటది. దాని మీద రెండుసార్లు వేసింది. తర్వాత నడవ, తర్వాత పెద్ద గది. తైసియా నిలబడి తల దువ్వుకునే అద్దం ముందు, తైసియా వట్టి మడమలతో దబదబమని నడిచే మంచం పక్కన, ఎక్కడా వదల్లేదు. నీటి తడయితే ఆరిపోతుంది, అడుగు మళ్లీ పైకి తేలుతుంది. వార్నిష్ అలా కాదు, గట్టిపడి కూర్చుంటుంది, దాని కింద పడ్డది ఇక లేవదు. ఆ మాట పైకే అనుకుంటూ పాకింది. పని మాత్రం గొప్పగా చేసింది, ఒక్క గీత లేదు, ఒక్క బుడగ లేదు. పొద్దున పదకొండయ్యేసరికి తన గది గుమ్మం చేరింది. లోపల తన గది నేలని ముట్టుకోలేదు. తన అడుగుల్ని తను చెరుపుకుంటుందా ఏమిటి?

మిగిలిన వార్నిష్ క్యానుకి మూత బిగించి మంచం పక్కన పెట్టుకుంది. కుర్చీలో కూర్చుని టీ పోసుకుని, తలుపులోంచి పెద్ద గది నేలనీ, నడవనీ, అటు చివర గుమ్మాన్నీ చూసుకుంది. నిగనిగలాడుతోంది. ఒంటరిగా కూర్చుని నవ్వుకుంది.

అరగంటకి కళ్లు మండాయి. గంటకి టీ వెగటు పుట్టింది. ఫ్యాక్టరీలో గోడకి గేదె తలకాయంత ఫ్యాను తిరుగుతుండేది, ముప్ఫై ఏళ్లూ ఆ ఘాటుని అది లాగేసింది. ఇక్కడ ఫ్యాను లేదు. కిటికీలు చలికాలానికి దూది కూరి కాగితం అంటించేశారు. ఏ ఇంట్లోనైనా కిటికీ పైమూల చిన్న రెక్క ఒకటి గాలికి వదిలేస్తారు. వారం కిందట తైసియా కూడా అంది, "ఆ చిన్న రెక్క మాత్రం వదిలెయ్యండి అత్తయ్యా, ఊపిరాడాలి కదా" అని. కోడలు అంది కనుకనే సెరాఫిమా దానికి రెండు పొరలు అంటించింది.

ఇప్పుడు ఆ కాగితం చింపుదామని స్టూలెక్కబోయింది. గది గిర్రున తిరిగింది. కింద పడలేదు గానీ, ఎలాగో మంచం అంచుకి జారగిలబడింది. మళ్లీ లేవబోతే కాళ్లు మాట వినలేదు. గుమ్మం పద్నాలుగు అడుగుల దూరంలో ఉంది. పాక్కుంటూ అయినా వెళ్లి తలుపు తియ్యొచ్చు. కానీ వెళితే ఆ నేల మీద పడేవి ఆవిడ అడుగులే, అవీ లోపల్నించి బయటికి. ఇల్లు వదిలి వెళ్లిన ఆడదాని అడుగులు వార్నిష్‌లో గట్టిపడి జన్మంతా ఉండిపోతాయి. ఛీ, చచ్చినా వెళ్లను అనుకుంది. బకెట్టు మూత తీసి వాంతి చేసుకుంది.

మధ్యాహ్నం రెండు గంటలప్పుడు తాళం తిరిగింది.

కేషా వచ్చాడనుకుంది. కాదు. గుమ్మంలో తైసియా, కోటు మీద మంచు నలకలతో నిలబడింది. కాలు లోపల పెట్టబోయి ఆగిపోయింది. ఘాటుకి మోచెయ్యి ముక్కుకి అడ్డం పెట్టుకుంది. నేలని చూసింది. గడప నుంచి మొదలై లోపలికి వెళ్లిన తడిని చివరిదాకా చూసి, చివర మంచం అంచున పచ్చగా పాలిపోయి కూర్చున్న అత్తగార్ని చూసింది.

"అమ్మ ఎక్స్‌రేలు మర్చిపోయాను," అంది నెమ్మదిగా. "బీరువా మీద ఉన్నాయి. వెనక్కి రావడం మంచిది కాదని కేషా అన్నాడు. అయినా వచ్చాను."

సెరాఫిమా అంగీ అంచుతో మూతి తుడుచుకుంది.

"గుమ్మం నుంచి లోపలికి," అంది తైసియా. "ముప్ఫై ఏళ్లు ఇదే పని చేసిన మనిషి. నన్నో తెలివితక్కువదాన్ని అనుకుంటున్నారు కదూ?"

"నేల తడిగా ఉంది. అడుగు పెట్టకు."

"మూడు ఆదివారాలు నా చేత గీకించారు అత్తయ్యా."

"నేను గీకమన్నానా? నువ్వే గీకావు."

"మందు కూడా రాశారు."

"అడుగు పెట్టావంటే ఊరుకోను." ఆ మాట సగంలోనే తెగింది, సెరాఫిమా మళ్లీ బకెట్టు మీదికి వంగింది. వాంతి అయ్యాక తల ఎత్తడానికి చాలాసేపు పట్టింది. పెదవులు నీలంగా ఉన్నాయి.

తైసియా చూస్తూనే ఉంది. ఆమె మంచి పిల్లే, ఆ సంగతి ఆ భవనంలో ఎవర్నైనా అడగండి. పొద్దున అయితే రెండంగల్లో దాటి వచ్చేది. కానీ మూడేళ్లుగా మింగినవన్నీ ఆ గడప దగ్గరే గొంతుకి అడ్డం పడ్డాయి. చావమని నీళ్లొదిలిన ఇంట్లోకి పిలవకుండా ఎలా అడుగు పెట్టేది?

"పిలవండి," అంది.

"ఏమిటి?"

"రా అనండి. పేరు పెట్టి పిలవండి. రా తైసియా, ఇంట్లోకి రా అనండి. మీ నోటితో అంటే వస్తాను, లేకపోతే రాను."

"కిటికీ... ఎవర్నైనా..."

"నేనే ఉన్నాను. ఇంకెవరూ లేరు. మీ అబ్బాయి స్టేషన్‌లో పెట్టె మీద కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకుంటున్నాడు."

తైసియా మెట్ల వైపు ఒక్క అడుగు వెనక్కి వేసి, తలుపు పిడి పట్టుకుంది. మూసెయ్యలేదు, పట్టుకుందంతే. సెరాఫిమా ఆ చేతిని చూసింది. ఆ తలుపు మూసుకుంటే గదిలో మిగిలేది తనూ, ఆ వాసనా. పళ్లు కరిచి పట్టుకుంది. పంతం పంతమే, ఒకటి, రెండు, మూడు నిమిషాలు లాక్కొచ్చింది. నాలుగో నిమిషంలో మంచం కోళ్లు పైకి లేచినట్టనిపించి భయమేసింది. మామూలు భయం కాదు, చిన్న పిల్లలకి చీకట్లో వేసేలాంటి భయం.

"రా," అంది.

"పేరు పెట్టి."

"రా తైసియా."

"ఎక్కడికి?"

"ఇంట్లోకి," అంది సెరాఫిమా. ఏడ్చింది కూడా. "ఇంట్లోకి రావే తల్లీ."

అప్పుడు తైసియా వంగి బూట్లు విప్పింది. ఒకటి విప్పి గోడవార పెట్టి, రెండోది విప్పి దాని పక్కన జతగా సర్దింది. అంత తొందరలోనూ ఇంట్లోకి బూట్లతో రావడం మర్యాద కాదు కదా. మేజోళ్లతో తడి మీద నడిచింది. అడుగడుగుకీ పాదం అంటుకుని, పచ్పచ్‌మని ఊడి వస్తోంది. సెరాఫిమా ఒక్కో అడుగూ చూసింది. ఏడు అడుగులకి పెద్ద గది మధ్యకొచ్చింది. అక్కడ నేరుగా రాలేదు. పక్కకి తిరిగి బీరువా దగ్గరికి వెళ్లి, మునివేళ్ల మీద లేచి ఎక్స్‌రే కవరు తీసింది. అన్నీ ఉన్నాయో లేదో వెలుతురుకి పెట్టి చూసుకుంది. కోటు లోపల దోపుకుంది. అప్పుడొచ్చింది అత్తగారి దగ్గరికి.

స్టూలెక్కి గోళ్లతో కాగితం చింపి చిన్న రెక్క తెరిచింది. మంచుగాలి లోపలికి కొట్టింది. సెరాఫిమాకి దిండు ఎత్తుగా పెట్టి, మూతి తుడిచి, గ్లాఫిరా ఇంటికెళ్లి అంబులెన్స్‌కి ఫోన్ చేసింది. పని అంతా చక్కగా చేసింది, ఏ లోటూ చెయ్యలేదు.

అంబులెన్స్ వాళ్లిద్దరు వచ్చారు. వాళ్లకి బూట్లు విప్పే మర్యాదలేం లేవు. నేలంతా మడమల గుంటలు పడ్డాయి. అది చూసి సెరాఫిమా మూలిగింది. కడుపు నొప్పి అనుకుని వాళ్లు ఇంకా తొందరపడ్డారు. స్ట్రెచర్ ఎత్తాక లావుపాటి అతను, "నడవ ఇరుకు, కాళ్లు ముందు పెట్టి తీసుకెళదాం," అన్నాడు.

"వద్దండీ, తల ముందు పెట్టండి," అంది తైసియా. "కాళ్లు ముందు పెట్టేది పోయినవాళ్లకి. ఈవిడ ఇంకా ఉన్నారు."

తల ముందే పెట్టారు. అందుకని సెరాఫిమా మొహం ఇంటివైపే ఉంది. గడప దాటుతుంటే లోపలంతా కనపడింది. మేజోళ్ల అడుగులు లోపలికి, బూట్ల అడుగులు ఎటుపడితే అటు. వాటి మధ్య తైసియా చేతులు కట్టుకుని ఇల్లంతా కలియజూస్తోంది.

"పాపం ఎంత కష్టపడ్డారో, అంతా పాడైపోయింది అత్తయ్యా," అంది. "మీరేం దిగులు పెట్టుకోకండి. క్యానులో ఇంకా సగం ఉంది. రైలు అయిదింటికి కదా, ఈలోగా మళ్లీ ఒక పూత వేసేస్తా. కిటికీ దగ్గర మొదలుపెట్టి గుమ్మం దగ్గర ముగిస్తా, మీ ఫ్యాక్టరీ పద్ధతిలోనే. మీ గది కూడా కలిపి."

సెరాఫిమా తల పైకెత్తబోయింది. "ఇప్పుడొద్దే. నేను ఆసుపత్రికి చేరాక వేసుకో. చేరేదాకా ఆగు. ఒక్క గంట ఆగవే."

"ఆగుతాలెండి," అంది తైసియా.

గ్లాఫిరా తన గుమ్మంలో నిలబడి అంతా విన్నది. సెరాఫిమా వంక చూడకుండా శిలువ వేసుకుని, లోపలికెళ్లి తలుపు చప్పుడు కాకుండా మూసుకుంది.

మెట్లు దిగుతున్నారు. రెండో అంతస్తు మలుపు దగ్గర స్ట్రెచర్ తిప్పడానికి ఆగారు. అప్పుడు పైనుంచి ఒక చప్పుడు వచ్చింది. కత్తి మొనతో పాలక్యాను మూత పైకి లేపిన చప్పుడు. ముప్ఫై ఏళ్లు రోజూ పొద్దున్నే విన్న చప్పుడు, పొరపడే అవకాశం లేదు.

"బాబూ, ఆపండి," అంది సెరాఫిమా లావుపాటి అతని చెయ్యి పట్టుకుని. "నన్ను పైకి తీసుకెళ్లండి. ఒకటి మర్చిపోయాను. ఒక్క నిమిషం, గడప లోపల కాలు పెట్టి వచ్చేస్తా."

"ఏం మర్చిపోయారు పిన్నిగారూ?"

ఆవిడ అతని చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది.

"ఏదైనా సరే వదిలెయ్యండి," అన్నాడతను మంచి మనసుతోనే, ఆవిడ వేళ్లు ఒక్కొక్కటీ విడిపించి దుప్పటి కింద పెడుతూ. "బయల్దేరాక వెనక్కి వెళ్లకూడదు. మీ అంత పెద్దవాళ్లకి నేను చెప్పాలా?"

మొదటి అంతస్తు కూడా దిగారు. ఆవరణలో మంచు పడుతోంది. బండి తలుపు తీసి సెరాఫిమాని లోపలికి తోశారు. డ్రైవరు ఇంజను వేడెక్కాలని ఇంకో అయిదు నిమిషాలు అక్కడే నిలబెట్టాడు.